ప్లాస్టిక్ ఇటుకల సినిమా

ప్లాస్టిక్ ఇటుకలు పేర్చి సెట్టు కట్టి, వాటితోబాటు వచ్చే వేలెడంత మనుషుల బొమ్మలను కొద్దికొద్దిగా జరుపుతూ, జరిపినప్పుడల్లా ఒక ఫొటో తీసి, ఆ ఫొటోలన్నిటినీ వరసగా నడిపిస్తే వచ్చే చిన్న సినిమాను బ్రిక్‌ఫిల్మ్ అంటారు. స్టాప్ మోషన్ అనే పాత విద్యకు ఇదొక చిన్న కొమ్మ. తెలుగులో దీనికి ఇంకా పేరు కుదరలేదు కాబట్టి ఇక్కడ ఇటుకల సినిమా అనుకుందాం. కడప జిల్లా జమ్మలమడుగులోనో పులివెందులలోనో ఈ మాట అంటే ముందు ఇటుకల బట్టీ గుర్తొస్తుంది. దానికేం చేయలేం.

దీనికి కావలసిన సరంజామా చాలా తక్కువ. ఒక ఫోను, దాన్ని బిగించి పట్టే స్టాండు, రెండు బల్బులు, డబ్బాడు ఇటుకలు. అసలు కష్టం మరోచోట ఉంది. సినిమా అంటే కదిలించడమే అనుకుంటాం. ఇక్కడ మాత్రం నూటికి తొంభై పాళ్ళు పని బొమ్మ తప్ప ఇంకేదీ, అంటే బల్ల, కెమెరా, వెలుతురు, వెనకున్న కాగితపు ఆకాశం, వెంట్రుకవాసి కూడా జరగకుండా కాపలా కాయడమే. ఈ సంగతి తెలియక మొదటి సినిమా పాడుచేసుకోని వాళ్ళు అరుదు. ఈ వ్యాసకర్త ఆ అరుదైనవాళ్ళలో లేడు.

బొమ్మలతోనే మొదలు

స్టాప్ మోషన్ తొలి అడుగులు వేసింది ఆటబొమ్మలతోనే. అమెరికాలో స్టువర్ట్ బ్లాక్‌టన్, ఆల్బర్ట్ స్మిత్ కలిసి పిల్లల కొయ్య సర్కస్ బొమ్మలతో తీసిన ‘హంప్టీ డంప్టీ సర్కస్’ 1898 నాటిదని చెబుతారు. ఆ ఫిల్ము ఇప్పుడు మిగల్లేదు. మన దేశంలో దాదాసాహెబ్ ఫాల్కే ‘రాజా హరిశ్చంద్ర’ వచ్చిన రెండేళ్ళకు, 1915లో, అగ్గిపుల్లలను నడిపించి ‘ఆగ్‌కాడ్యాంచీ మౌజ్’ అనే చిన్న చిత్రం తీశారు. నటీనటులంతా ఒక అగ్గిపెట్టెలో పట్టేశారన్నమాట. కెనడా జాతీయ ఫిల్మ్ బోర్డులో పనిచేసిన గుజరాతీ కళాకారుడు ఈశూ పటేల్ 1977లో పూసలను ఒక్కొక్కటిగా జరిపి ‘బీడ్ గేమ్’ తీస్తే అది ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్ళింది. చేతికి దొరికిన చిల్లరమల్లర సామానుతో లోకాన్ని కదిలించడం ఈ విద్యకు మొదటినుంచీ ఉన్న గుణం.

1933 నాటి ‘కింగ్ కాంగ్’ను ఇప్పుడు నిదానించి చూస్తే ఒక తమాషా కనిపిస్తుంది. గొరిల్లా నిలబడి ఉన్నా ఒంటి మీది బొచ్చు మాత్రం గాలికి ఊగినట్టు కదులుతూనే ఉంటుంది. అక్కడ గాలేమీ లేదు. ఆ బొమ్మకు కప్పింది కుందేలు బొచ్చు. ప్రతి ఫ్రేముకూ మనిషి వేళ్ళు తగిలి అది చెదిరిపోయేది. ప్లాస్టిక్ ఇటుకకు ఆ పీడ లేదు. తాకి వదిలేస్తే ఎలా ఉన్నది అలాగే ఉంటుంది. ఇంటి పిల్లల చేతికి ఈ విద్య రావడానికి ఇటుక దారి తీసిందంటే సగం కారణం ఇదే.

తెలిసినంతలో మొట్టమొదటి ఇటుకల సినిమా 1973లో డెన్మార్క్‌లో పుట్టింది. లార్స్ హాసింగ్, హెన్రిక్ హాసింగ్ అనే ఇద్దరు సూపర్ 8 ఫిల్ము మీద చంద్రయాత్ర కథ తీశారు. అపోలో వ్యోమగాములు చంద్రుడి మీద నడిచి వచ్చిన రోజులవి. పిల్లల ఆటల్లోకి రాకెట్ రాకుండా ఎలా ఉంటుంది? ఆ తరువాత ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో లిండ్సే ఫ్లే 1985 నుంచి 1989 దాకా కూర్చుని 16 ఎం.ఎం. ఫిల్ము మీద ‘ద మ్యాజిక్ పోర్టల్’ తీశారు. 2000లో ఈ ఇటుకలు తయారుచేసే లెగో సంస్థే స్టీవెన్ స్పీల్‌బర్గ్ పేరుతో ఒక సెట్టు అమ్మకానికి పెట్టింది. ఇటుకలతోబాటు కంప్యూటర్‌కు తగిలించే చిన్న కెమెరా కూడా ఆ పెట్టెలో ఉండేది. ఫిల్ము కొనాలి, కడిగించాలి అన్న ఖర్చు ఆ రోజుతో పోయింది. 2002లో మిషెల్ గోండ్రీ వైట్ స్ట్రైప్స్ బృందం పాటకు ఇటుకలతో వీడియో తీశారు. 2014లో వచ్చిన ‘ద లెగో మూవీ’ కంప్యూటర్‌లో తయారైనదే అయినా, ఇంట్లో పిల్లలు తీసిన సినిమాలా కనిపించాలని ఇటుకల మీద గీతలు, వేలిముద్రలు పనిగట్టుకుని చేర్చారు. కోట్ల ఖర్చుతో తీసే సినిమా పెరటి సినిమాను అనుకరించడం తరచుగా చూసేది కాదు.

ఇటుక కొలతలు

లెగో సంస్థ 1932లో డెన్మార్క్‌లోని బిల్లుండ్‌లో ఒక వడ్రంగి, ఓలే కిర్క్ క్రిస్టియన్‌సెన్, పెట్టిన కొయ్యబొమ్మల దుకాణం. ఇప్పుడు మనం చూస్తున్న ఇటుకకు పేటెంటు పెట్టింది 1958 జనవరి 28న. ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్‌లోకి మారింది 1963లో. చేతులూ కాళ్ళూ కదిలే మనిషి బొమ్మ 1978లో వచ్చింది. దాని ఎత్తు దాదాపు 4 సెంటీమీటర్లు. ఇటుక పైనుండే ఒక బుడిపె నుంచి పక్క బుడిపెకు 8 మిల్లీమీటర్లు, ఇటుక ఎత్తు 9.6 మిల్లీమీటర్లు, పలుచటి పలక ఎత్తు 3.2. అంటే మూడు పలకలు ఒక ఇటుకకు సరి.

ఈ లెక్కలు సినిమా తీసేవాడికి నోటికి వచ్చి ఉండాలి. ఎందుకంటే బొమ్మ కాలికింద కన్నాలుంటాయి, అవి బుడిపె మీద టక్కున కూర్చుంటాయి. బొమ్మ పడిపోదు, జారదు; ముందుకు నడిపించాలంటే బుడిపెలే కొలబద్ద. అయితే ఆ బొమ్మకు మోచేయి లేదు, మోకాలు లేదు. తల పక్కకు తిరుగుతుంది, చేయి భుజం దగ్గర పైకీ కిందికీ ఆడుతుంది, మణికట్టు గుండ్రంగా తిరుగుతుంది, కాలు తుంటి దగ్గర ముందుకూ వెనక్కూ ఊగుతుంది. అంతే. ఈ నాలుగింటితోనే కోపం, బడలిక, సిగ్గు అన్నీ చూపాలి. తలను ఒక ఫ్రేము ముందు తిప్పి తరువాత ఒళ్ళు తిప్పితే బొమ్మ ఏదో విన్నట్టు ఉంటుంది. రెండూ ఒకేసారి తిప్పితే తలుపు తెరుచుకున్నట్టు ఉంటుంది.

మన తోలుబొమ్మ ఇంతకంటే ధనవంతురాలు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో మేకతోలుతో చేసే బొమ్మకు తల, భుజం, మోచేయి వేరువేరు ముక్కలు. దారంతో కలిపి కుట్టి, కర్ర కట్టి ఆడిస్తారు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. తోలుబొమ్మ ఆడించేవాడు చూసేవాళ్ళ ఎదుటే, తెర వెనక, ఆ క్షణంలోనే కదిలిస్తాడు. ఇటుకల సినిమావాడు ఎవరూ చూడనప్పుడు కదిలించి, కదిలిన సంగతి తరువాత చూపిస్తాడు. రెంటికీ మధ్య ఉన్న ఈ తేడా చిన్నది కాదు.

రాయలసీమ నుంచి వెళ్ళిన ట్రిక్కు కెమెరా

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పేర్లు సినిమాల్లో వినబడితే ముందుగా కత్తులూ బాంబులే గుర్తొస్తాయి. గుర్తు రావలసింది మరొకటుంది. బి.ఎన్.రెడ్డి పులివెందుల తాలూకా కొత్తపల్లెలో 1908లో పుట్టారు. ఆయన తమ్ముడు బి.నాగిరెడ్డి చక్రపాణితో కలిసి విజయా ప్రొడక్షన్స్ నడిపారు. పక్కనే ఉన్న తాడిపత్రి ప్రాంతం నుంచి వెళ్ళిన కె.వి.రెడ్డి వాళ్ళకు ‘పాతాళ భైరవి’ (1951), ‘మాయాబజార్’ (1957) తీసిపెట్టారు. రెంటికీ కెమెరా మార్కస్ బార్ట్‌లే. అన్నకు 1974కు, తమ్ముడికి 1986కు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం ఇచ్చారు. అగ్గిపుల్లలను ఆడించిన మనిషి పేరిట ఉన్న బహుమతి కడప జిల్లాలోని ఒకే ఇంటికి రెండుసార్లు వచ్చింది.

మాయాబజార్‌లో ఇటుకలు లేవు, ప్లాస్టిక్ బొమ్మలు లేవు. అయినా ఈ పనిలో ఉన్నవాళ్ళు దాన్ని పాఠ్యపుస్తకంలా చూడటంలో అర్థముంది. మనుషులు మాయమై ఇంకొకచోట ప్రత్యక్షం కావడానికి పునాది ఒక్కటే: కెమెరాను ఆపాలి, ఎదుట ఉన్నదాన్ని మార్చాలి, కెమెరా మాత్రం ఉన్న చోటునుంచి కదలకుండా మళ్ళీ నడిపించాలి. ఫ్రాన్స్‌లో మెలియెస్ అనే దర్శకుడు 1890లలో వాడిన ఉపాయమే ఇది. ఆపడం ఒకసారి జరిగితే మాయ, సెకనుకు పన్నెండుసార్లు జరిగితే స్టాప్ మోషన్. ఆ సినిమాలో నావ మీది పాటకు కురిసిన వెన్నెల కూడా నిజం వెన్నెల కాదని, కెమెరా పుట్టించినదని సినిమా ప్రియులందరికీ తెలుసు. చీకటి గదిలో రెండు బల్బులు, నీలం కాగితం పెట్టుకుని పున్నమి రాత్రి పుట్టించాలనుకునే పిల్లవాడు బార్ట్‌లే దారిలో ఉన్నట్టే.

బండ మీద పని

కడప జిల్లా ఈ పనికి ఒక మేలు చేసింది. అదే కడప బండ. నల్లగా, నున్నగా, మనిషి ఒక్కడే ఎత్తలేనంత బరువుగా ఉండే ఈ సున్నపురాయి ఇక్కడి ఇళ్ళలో నేలకూ వంటింటి గట్టుకూ వాడతారు. మడతపెట్టే బల్ల మీద సెట్టు పెడితే మోచేయి తగిలినా, పక్క గదిలో తలుపు గట్టిగా వేసినా కెమెరా అదురుతుంది. బండ అదరదు. నేల మీదే పరిచి తీసేవాళ్ళకు నడుము నొప్పి తప్పదు గానీ సినిమా వణకదు. ఒక్క చిక్కు, నల్లబండ తళతళలాడితే బల్బు వెలుగు అందులో కనబడుతుంది. పైన ముతక చార్టు పరుచుకోవాలి.

రెండో మేలు ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళది. కంసాలి పనికి వాడే శ్రావణం, కంటికి పెట్టుకునే భూతద్దం, వంచితే వంగే మెడ ఉన్న దీపం ఈ ఊళ్ళో తేలికగా దొరుకుతాయి. బొమ్మ చేతిలో పెట్టే కత్తి, గ్లాసు, గొడుగు లాంటివి ఆవగింజకు అన్నలాంటి సామాన్లు. వేళ్ళతో పట్టుకుంటే పక్కనున్న బొమ్మ పడుతుంది. శ్రావణంతో పట్టుకుంటే పడదు.

ఇక లెక్క. సెకనుకు 12 ఫొటోల చొప్పున ఒక్క నిమిషానికి 720. చాలామంది 15 వాడతారు, అప్పుడు 900. సినిమా హాల్లో నడిచే 24 చొప్పున అయితే 1440. అంత అవసరం లేదు, బొమ్మల కదలికకు 12 చాలు. ఒక ఫొటోకు అర నిమిషం పడుతుందనుకుంటే ఒక నిమిషం సినిమాకు ఆరు గంటలు. ఇది సెట్టు కట్టే సమయం కలపని లెక్క.

ఒక నడకను దగ్గరగా చూద్దాం. బొమ్మ ఎడమ కాలు బుడిపె మీద ఉంది. కుడికాలిని ముందుకు కొద్దిగా ఎత్తి ఒక ఫొటో. ఇంకాస్త ఎత్తి, ఒంటిని ముందుకు వాల్చి ఇంకొకటి. ఇప్పుడు బొమ్మ నిలవదు, మడమ కింద గోరంత మైనం అద్దాలి. కుడికాలు ముందు బుడిపె మీద దించి ఒకటి. ఎడమకాలిని లాగి నిటారుగా నిలిపి ఒకటి. మైనం గీకేయాలి, లేకపోతే తెర మీద బొమ్మ బూట్లకు బురద అంటినట్టుంటుంది. ఇంతసేపూ ఫోను తెర మీద ఇప్పటి దృశ్యం కింద ముందటి ఫొటో పలచగా, నీడలా కనబడుతూ ఉంటుంది. ఆంగ్లంలో దాన్ని ఉల్లిపొర అని పిలుస్తారు. పేరు పెట్టినవాడికి వంట వచ్చి ఉంటుంది. బొమ్మను ఎంత జరిపామో ఆ పొర చెబుతుంది. ఇలా గంటసేపు సాగాక గుమ్మంలోంచి అవ్వ అడుగుతుంది:

“ఏంరా నాయనా, పొద్దన్నుంచి ఆ బొమ్మ ఆడనే నిలబడి ఉండాది?”

“నడస్తాంది అవ్వా. నీకు కనపడదు, అంతే.”

సాయంత్రం ఫోనులో ఆ నాలుగు సెకన్లు చూశాక అవ్వ ఏమంటుందన్నది ఆమె కళ్ళద్దాల మీద ఆధారపడి ఉంటుంది.

వెలుతురు, గాలి, కరెంటు

ఇటుకల సినిమాను చంపేది ఇటుకల కొరత కాదు, మిణుకు. పగటి వెలుతురులో తీస్తే సూర్యుడు ఊరుకోడు. పది గంటలకు ఎడమవైపు పడిన నీడ పన్నెండుకు కాళ్ళ కిందికి వస్తుంది. తెర మీద అది కొన్ని సెకన్లలో జరిగిపోతుంది. మబ్బు పట్టి వదిలితే గదిలో మెరుపు మెరిసినట్టు ఉంటుంది. అందుకే కిటికీలు మూసి, దుప్పట్లు కట్టి, బల్బుల వెలుగులోనే తీయాలి. ఫోను తనంతట తాను వెలుతురు సరిచేసుకునే గుణాన్ని కట్టేయాలి. ఫోకసు, రంగు కూడా అంతే, మొదటి ఫొటోకు ముందే బిగించేయాలి. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది, దాని మీద వెలిగే చౌకరకం దీపాలు సెకనుకు వందసార్లు మిణుకుతాయి. కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. షట్టర్ వేగాన్ని సెకనులో 50వ వంతో 100వ వంతో పెట్టుకుంటే చాలావరకు తప్పుతుంది. తెల్లచొక్కా వేసుకుని పక్కన నిలబడితే ఆ తెలుపు నిగనిగలాడే ఇటుకల మీద పడి మనిషి అటూ ఇటూ జరిగినప్పుడల్లా సెట్టు రంగు మారుతుంది. నల్లచొక్కా వేసుకోవాలి, ఒకేచోట కూర్చోవాలి.

కిటికీలు మూసి, దుప్పట్లు కట్టి, నల్లచొక్కా వేసుకుని, కడప జిల్లాలో, మే నెలలో. వేసవి సెలవుల్లోనే పిల్లలకు తీరిక. ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. ఫ్యాను వేస్తే కాగితపు ఆకాశం రెపరెపలాడుతుంది, బొమ్మ చేతిలోని జెండా ఎగిరిపోతుంది. ఫ్యాను ఆపాల్సిందే. ఈ వ్యాసకర్త మొదటి సినిమాలో మూడువందల పైచిలుకు ఫొటోలు తీశాక చెమట తుడుచుకోబోయి స్టాండును తట్టాడు. ఫోను మళ్ళీ సరిగ్గా అదే చోట కూర్చోబెట్టడం సాధ్యం కాలేదు. ఆ సినిమాలో హీరో తలుపు తీస్తుండగా లోకమంతా ఒక్కసారి కుడివైపు గెంతుతుంది. భూకంపం అని చెప్పుకుని కథ మార్చాల్సి వచ్చింది. రాత్రి తొమ్మిది తరువాత తీయడమే మేలు. కరెంటు పోతే మాత్రం ఓపిక పట్టాలి. ఇన్వర్టర్ మీదికి మారాక వెలుగు కొంచెం తేడాగా ఉండొచ్చు, ఆ తేడా సరిగ్గా ఆ ఫొటో దగ్గర గీత గీసినట్టు కనబడుతుంది.

ఖరీదు సంగతి

ఇటుకలు మన దేశంలో చౌక కాదు. బొమ్మల మీద దిగుమతి సుంకాన్ని 2020లో 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. ఇక్కడ తయారయ్యే ఇటుకలకు దీనివల్ల చోటు దొరికింది. లెగో మొదటి పేటెంట్ల గడువు ఎప్పుడో తీరిపోయింది. ఆ ఇటుక ఆకారాన్ని ట్రేడ్‌మార్కుగా ఇవ్వడం కుదరదని ఐరోపా న్యాయస్థానం 2010లో తేల్చింది. కాబట్టి ఇంకొకరు చేసిన ఇటుక దీనికి అతుక్కుంటే అది దొంగసరుకు కానక్కరలేదు. పేరు, బొమ్మ ముద్ర కాపీ కొట్టనంతవరకు తప్పులేదు.

చౌకరకంతో వచ్చే ఇబ్బంది మరొకటి. కీళ్ళు వదులు. పైకెత్తిన చెయ్యి ఫొటో తీసేలోపు మెల్లగా దిగిపోతుంది, దండం పెట్టబోయిన బొమ్మ నీరసపడినట్టు కనిపిస్తుంది. భుజం కీలులో పలచటి ప్లాస్టిక్ కాగితం ముక్క దూర్చితే బిగుస్తుంది. ఒక సినిమాకు అయిదారు మంచి మనుషుల బొమ్మలు చాలు, గోడలకు ఏ రకమైనా పరవాలేదు. గోడలు నటించవు.

గండికోటను కట్టాలంటే

జమ్మలమడుగుకు పక్కనే ఉన్న గండికోట ఇక్కడ ఇటుకల సినిమా తీసే పిల్లలందరికీ మొదటి కోరిక. ఎర్రమల కొండల మధ్య పెన్నా కోసుకున్న లోయ, అంచున కోటగోడ, లోపల మాధవరాయస్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం. సరే, లెక్క వేద్దాం. నాలుగు సెంటీమీటర్ల బొమ్మ అయిదున్నర అడుగుల మనిషి అనుకుంటే లోయలోని వంద అడుగుల రాతిగోడకు సుమారు ముప్పాతిక మీటరు ఎత్తు కావాలి. అంటే ఒకదానిపై ఒకటి సుమారు 75 ఇటుకలు, అదీ ఒక్క వరసకే. ఏ ఇంట్లోనూ అన్ని ఇటుకలుండవు.

కాబట్టి మోసం చేయాలి. బొమ్మ నిలబడే అంచు, దాని పక్కన రెండు రాళ్ళు మాత్రం ఇటుకలవి. అవతలి గట్టు థర్మోకోల్‌ను చాకుతో చెక్కి ఎర్రమట్టి రంగు పూసింది, దాని వెనక ఆకాశం చార్టు మీద అతికించిన ఫొటో. దూరంగా ఉండాల్సినదాన్ని చిన్నగా కట్టి కెమెరాకు కాస్త అవతల పెడితే కన్ను నమ్మేస్తుంది. నదికి నిజం నీళ్ళు పనికిరావు. అవి ఊగుతాయి, ఆరుతాయి, ఒక ఫొటోకు ఉన్న బుడగ ఇంకో ఫొటోకు ఉండదు. సెల్లోఫేన్ కాగితాన్ని నలిపి పరిచి, ఒక్కో ఫ్రేముకు ఒక అంచును కొద్దిగా లాగితే పెన్నా పారుతుంది. పొగకు దూది, మంటకు పసుపు ముక్కలు.

ప్రొద్దుటూరు దసరా ఊరేగింపు తీయాలనుకునేవాళ్ళు ఇంకో చిక్కులో పడతారు. యాభై బొమ్మలను ప్రతి ఫ్రేములో కదిలించాలంటే ఒక రోజు తెర మీద మూడు సెకన్లు కూడా కాదు. ముందు వరసలో అయిదుగురిని సరిగా నడిపి, వెనకవాళ్ళను నాలుగు ఫ్రేములకొకసారి అటూ ఇటూ తిప్పితే చాలు. జనం అలాగే ఉంటారు కూడా.

మాట

బొమ్మ ముఖం అచ్చువేసింది, నోరు కదలదు. కదలకపోయినా గొంతు సరిగ్గా పడితే చూసేవాడు కదిలిందనే అనుకుంటాడు. అందుకని సగం నటన మాటది. ఈ వ్యాసకర్తకు ఈ విషయంలో గట్టి అభిప్రాయమే ఉంది. సీమ యాసను పెద్ద తెర చాలాకాలంగా కత్తులకూ బాంబులకూ తాకట్టు పెట్టింది. ప్రొద్దుటూరు పిల్లవాడు తన బొమ్మల చేత కూడా అదే మాట్లాడిస్తే ఆ తప్పు పిల్లవాడిది కాదు, వాడు చూసిన సినిమాలది. అదే యాసలో ఉగ్గాని తినే కథ చెప్పొచ్చు, బొరుగులకు బేరమాడే కథ చెప్పొచ్చు, తప్పిపోయిన మేకను వెతికే కథ చెప్పొచ్చు. మాటలను ముందే రికార్డు చేసుకుని, ఏ మాట ఏ సెకనులో పడుతుందో కాగితం మీద రాసుకుని, దానికి తగ్గట్టు బొమ్మ తల ఊపించడం అనుభవం ఉన్నవాళ్ళ పద్ధతి. చప్పుళ్ళు వంటింట్లోనే దొరుకుతాయి. ఉప్పు డబ్బా ఊపితే వాన, స్టీలు పళ్ళెం వంచి వదిలితే ఉరుము, ఎండు చెనక్కాయ పొట్టు నలిపితే ఎండుటాకుల మీద నడక.

సినిమా అయిపోయాక సెట్టు ఉండదు. సిమెంటు గోడలా, మట్టిబొమ్మలా దాన్ని దాచుకోవడానికి వీలులేదు; రెండో సినిమాకు ఇటుకలు కావాలి కదా. గోరు పెట్టి ఒక్కొక్కటే ఊడదీసి, రంగుల వారీగా పాత బిస్కెట్ డబ్బాల్లో పోస్తారు. మైనం అంటిన కాళ్ళు కడిగి బొమ్మలను విడిగా పెడతారు. శనివారం దాకా పెన్నా మీద కోటగోడగా ఉన్న ఎర్ర ఇటుకలు ఆదివారానికి జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరుకు వెళ్ళే బస్సు.